హాల్‌మార్క్ పుట్టిన ఇల్లు: లండన్ గోల్డ్‌స్మిత్స్ హాల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు కాపువీధిలో ఏ నగల షాపు మెట్లెక్కినా మొదట వినపడే మాట "హాల్‌మార్క్ ఉందా?" అనే. ఆ మార్కులో ఉన్న హాలు నిజంగా ఒక భవనమనీ, లండన్‌లో ఇప్పటికీ నిలబడి ఉందనీ, అది రాజుది కాదు, బంగారప్పని చేసేవాళ్ల సంఘానిదనీ చెప్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. పెళ్లిళ్లలో, షాపుల్లో, పిల్లల్ని లండన్ పంపిన తల్లిదండ్రుల నుంచి, తిరిగి తిరిగి అవే సందేహాలు. కంసాలి కుంపటి పక్కన పెరిగినవాణ్ణి, నాకు ఈ హాలు చరిత్ర అంటే ప్రాణం, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు.

మొదట్లో వచ్చే సందేహాలు

హాల్‌మార్క్‌లో 'హాల్' అంటే ఏంది, ఏదన్నా కల్యాణ మండపమా?

నిజంగానే ఒక హాలు. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చికి దగ్గర్లోనే ఫాస్టర్ లేన్ అనే సందులో ఉంది, పేరు గోల్డ్‌స్మిత్స్ హాల్. బంగారు, వెండి పనివాళ్ల సంఘం దాని సొంతదారు. విందులు, ప్రమాణాలు, పెద్దల ఎన్నికలు, సంఘం తీర్పులు అన్నీ అందులోనే, ఆ లెక్కన మండపం అనుకున్నా తప్పు లేదు. కాకపోతే 1478లో ఆ హాల్లోనే లోహ పరీక్షకు ఆఫీసు పెట్టి, జీతమిచ్చి ఒక పరీక్షకుణ్ణి కూర్చోబెట్టారు. అంతకుముందు సంఘం పెద్దలే కొట్టు కొట్టుకీ తిరిగి చూసేవాళ్లు, ఇక అప్పట్నుంచి సరుకే హాలు దగ్గరికి రావాల్సి వచ్చింది. హాల్లో పరీక్ష నెగ్గి హాల్లోనే గుద్దించుకున్న ముద్ర కాబట్టి హాల్‌మార్క్.

గిల్డ్ అంటే మన కులసంఘం లాంటిదేనా అన్నా?

గిల్డ్ అంటే ఇట్లాంటి వృత్తి సంఘం. కొంత పోలిక ఉంది గానీ అదే కాదు. సంఘంలోకి రావడానికి మామూలు దారి శిష్యరికం: ఒక గురువు ఇంట్లో ఏళ్ల తరబడి, సాధారణంగా ఏడేళ్లు, పని నేర్చుకుని తన పనితనం చూపించి సభ్యుడు కావాలి. సభ్యుడి పిల్లలు వారసత్వంగా కూడా రావచ్చు, డబ్బు కట్టి చేరే దారి కూడా ఉండేది, అంటే పుట్టుక ఒక్కటే తలుపు కాదు. ఈ సంఘం ఎంత పాతదంటే 1180లోనే రాజు అనుమతి లేకుండా సంఘం నడుపుతున్నారని వీళ్లకి జరిమానా పడినట్టు రికార్డు ఉంది. 1327లో మూడో ఎడ్వర్డ్ రాజు అధికారికంగా పత్రం ఇచ్చాడు. లండన్‌లో పెద్దవిగా లెక్కించే 12 వృత్తి సంఘాల వరసలో వీళ్లది ఐదో స్థానం.

శిష్యుల వివాదాలు తీర్చడం, పని చేయలేని ముసలివాళ్లనీ చనిపోయినవాళ్ల భార్యల్నీ ఆదుకోవడం, నాసిరకం సరుకు చేసినవాణ్ణి పిలిచి నిలదీయడం, ఇవన్నీ సంఘం పనులే.

పరీక్ష మొదలైంది హాలు కట్టాకనా, ముందేనా?

ముందే. 1300లో మొదటి ఎడ్వర్డ్ కాలంలో చట్టం వచ్చింది: వెండి వస్తువు ఏదైనా సంఘం పెద్దలు చూసి చిరుతపులి తల ముద్ర వేస్తే తప్ప చేసినవాడి చేతి నుంచి బయటికి పోకూడదు. బంగారానికి పారిస్ తూగు అనే ప్రమాణం పెట్టారు, అది 24 క్యారెట్లలో 19 పైచిలుకు. 1363లో పనివాడు తన సొంత గుర్తు కూడా కొట్టాలన్నారు, ఎందుకంటే తప్పు దొరికితే ఎవరి చేతి పనో తెలియాలి.

అప్పటి పరీక్ష మన కంసాలి చేసేదే. నల్లటి గీటురాయి మీద నగ అంచుని ఒకసారి లాగుతారు, దాని పక్కనే వన్నె తెలిసిన బంగారంతో ఇంకో గీత గీస్తారు, రెండిటినీ వెలుతురుకి పెట్టి చూస్తారు. రాగి ఎక్కువ కలిసినది ఎర్రగా, వెండి ఎక్కువ కలిసినది పాలిపోయినట్టు కనపడుతుంది. తర్వాత్తర్వాత దానిమీద ఆసిడ్ చుక్క వేసి చూడటం కూడా వచ్చింది, కల్తీ ఎక్కువున్న గీత చెరిగిపోతుంది, మేలిమి గీత అట్లాగే నిలుస్తుంది. గీటురాయితో బంగారం చూడటం ఇంగ్లండ్‌కీ నెల్లూరుకీ రెండింటికీ తెలిసిన విద్యే.

కట్టింది, కాలింది, మళ్లీ కట్టింది

మొదటి హాలు ఎప్పటిది?

1339లో సంఘం ఫాస్టర్ లేన్‌లో ఒక ఇల్లూ స్థలమూ కొనుక్కుంది. లండన్ వృత్తి సంఘాల్లో సొంత హాలు సంపాదించిన తొలివాళ్లలో వీళ్లు ఒకరు. అప్పట్నుంచి ఈ రోజు దాకా, అంటే దాదాపు 700 ఏళ్లుగా, చోటు మారలేదు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే. రాజవంశాలు మారాయి, ఊరు తగలబడింది, బాంబులు పడ్డాయి, కానీ బంగారం పరీక్షకి ఎక్కడికి పోవాలంటే చెప్పే అడ్రసు మాత్రం ఒకటే.

ఇప్పుడున్నది ఆ పాత భవనమేనా?

కాదు, ఇది మూడోది. మొదటిది పాతబడిపోతే 1634లో నికొలస్ స్టోన్ అనే శిల్పి ఆధ్వర్యంలో రెండో హాలు మొదలుపెట్టారు. అది దాదాపు 200 ఏళ్లు నిలిచింది. 1820ల చివర్లో దాన్ని పడగొట్టి, ఫిలిప్ హార్డ్‌విక్ అనే ఆర్కిటెక్ట్ చేత ఇప్పుడు మనం చూసే రాతి భవనం కట్టించారు. 1835లో పెద్ద విందుతో దాన్ని తెరిచారు.

1666 లండన్ అగ్నిప్రమాదంలో మొత్తం కాలిపోయిందంట కదా?

మొత్తం కాదు. ఆ సెప్టెంబర్‌లో లండన్ నాలుగు రోజులు మండింది, నగరంలో సంఘాల హాళ్లు చాలావరకు బూడిదయ్యాయి. గోల్డ్‌స్మిత్స్ హాలుకి బాగా దెబ్బ తగిలింది గానీ గోడలు నిలిచాయి. బాగుచేసుకుని ఇంకో 150 ఏళ్లకు పైగా అందులోనే పని నడిపారు.

రాజకీయాలకు కూడా ఈ హాలు వాడుకున్నారా?

వాడుకున్నారు. 1640లలో ఇంగ్లండ్‌లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం జరిగినప్పుడు పార్లమెంటు తన ఖజానాని ఈ హాల్లో పెట్టింది. రాజు పక్షం వహించిన జమీందార్లు ఆస్తులు పోగొట్టుకోకుండా ఉండాలంటే జరిమానా కట్టాలి, ఆ జరిమానాలు తేల్చే కమిటీ కూర్చున్నది కూడా ఇక్కడే. బంగారం తూచి భద్రపరచడం తెలిసినవాళ్ల ఇల్లు అనే నమ్మకం అంత గట్టిది. అదే శతాబ్దంలో లండన్ కంసాలులు జనం డబ్బు దాచిపెట్టుకుని రసీదులివ్వడం మొదలుపెట్టారు, ఆ రసీదులే చేతులు మారుతూ పోయి బ్యాంకు నోట్లకు దారి తీశాయి.

పునాదుల్లో ఏదో విగ్రహం దొరికిందని విన్నాం, నిజమేనా?

నిజమే. 1830లో ఇప్పటి హాలు కోసం పునాదులు తవ్వుతుంటే రోమన్ల కాలపు రాతి బలిపీఠం బయటపడింది, దాని మీద విల్లు పట్టుకున్న వేట దేవత బొమ్మ చెక్కి ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఏమైంది?

1941లో హాలు నైరుతి మూల మీద బాంబు పడింది. చుట్టుపక్కల వీధులకి వీధులే నేలమట్టమయ్యాయి, హాలు మాత్రం ఒక మూల పోగొట్టుకుని నిలబడింది. యుద్ధం అయ్యాక దెబ్బతిన్న భాగాన్ని పాత తీరులోనే తిరిగి కట్టారు, చూసినవాళ్లు కొత్తదేదో పాతదేదో పోల్చుకోలేరు.

హాల్లో జరిగేది

లోపల ఎట్లా ఉంటుంది?

తలుపు దాటగానే రంగురంగుల పాలరాళ్లు పరిచిన పెద్ద మెట్లవరస, దానికి నాలుగు మూలల్లో నాలుగు రుతువులకి గుర్తుగా పిల్లల విగ్రహాలు. పైన విందులు జరిగే లివరీ హాల్, రెండు పక్కలా పొడుగాటి స్తంభాలు, బంగారు పూత, ఒక్కొక్కటీ 48 కొవ్వొత్తులు పట్టే నాలుగు షాండ్లియర్లు. విందు రోజున వాటిని నిజం కొవ్వొత్తులతోనే వెలిగిస్తారు. ఆ వెలుగులో గోడ వారగా పేర్చిన వెండి పళ్లాలు, గిన్నెలు మెరుస్తుంటాయి, అవన్నీ వందల ఏళ్లుగా సంఘం సభ్యులు చేసినవీ సంఘం కొన్నవీ.

అయితే విందులకేనా, పని కూడా జరుగుతుందా?

పనే అసలు. లండన్ అస్సే ఆఫీస్, అంటే లోహ పరీక్ష ఆఫీసు, ఇప్పటికీ ఆ భవనంలోనే ఉంది. ఎక్కువ వస్తువుల్ని ఇప్పుడు మన షాపుల్లో ఉన్నట్టే ఎక్స్‌రే మెషిన్‌తో చూస్తారు, కానీ బంగారానికి కచ్చితమైన లెక్క కావాలంటే పాత పద్ధతే, నిప్పుతో పరీక్ష. నగ నుంచి కనీకనపడనంత మచ్చు గీకి తీస్తారు. దాన్ని తూచి, కొంచెం వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి, ఎముకల బూడిదతో చేసిన చిన్న మూసలో పెట్టి దాదాపు వెయ్యి డిగ్రీల వేడిలో ఉంచుతారు. సీసం కరిగి రాగి లాంటి నీచలోహాల్ని తనతో పాటు మూసలోకి లాక్కుపోతుంది. అడుగున ముత్యమంత పూస మిగులుతుంది, అందులో బంగారం, వెండి మాత్రమే ఉంటాయి. ఆ పూసని రేకులా సాగదీసి నత్రికామ్లంలో వేడి చేస్తే వెండి కరిగిపోయి గోధుమరంగు బంగారం మిగులుతుంది. దాన్ని మళ్లీ తూస్తారు. మొదటి తూకానికీ ఈ తూకానికీ నిష్పత్తే ఆ నగ స్వచ్ఛత. మన కంసాలి "పుటం పెట్టాను" అన్నప్పుడు చేసేది ఇలాంటిదే.

నగ మీద సంవత్సరం అక్షరం ఎందుకు కొట్టేవాళ్లు?

చాలామంది కొన్న తేదీ తెలియడానికి అనుకుంటారు. అసలు కారణం బాధ్యత. 1478లో జీతం మీద పరీక్షకుణ్ణి పెట్టినప్పుడు ఏటా ఒక అక్షరం మార్చాలన్నారు. పదేళ్ల తర్వాత ఒక వెండి గిన్నెలో కలితీ తేలితే, చేసినవాడి గుర్తు చూసి పనివాణ్ణీ, అక్షరం చూసి ఆ ఏడు పరీక్షించినవాణ్ణీ ఇద్దర్నీ పట్టుకోవచ్చు. పరీక్షకుడి మీద కూడా పరీక్ష ఉండాలని 15వ శతాబ్దంలోనే ఆలోచించారు చూడండి, నాకు షాండ్లియర్ల కన్నా ఈ చిన్న అక్షరమే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

దొంగ ముద్ర వేస్తే ఏం చేసేవాళ్లు?

తక్కువ వన్నె సరుకు దొరికితే అక్కడికక్కడే విరగ్గొట్టేవాళ్లు, జరిమానా వేసేవాళ్లు. పాతకాలంలో బజారులో కొయ్యబొండలో బిగించి నలుగురి ముందు నిలబెట్టడం కూడా ఉంది. 18వ శతాబ్దం మధ్యలో ముద్రని ఫోర్జరీ చేయడాన్ని మరణశిక్ష వేసే నేరంగా మార్చారు, 1773లో దాన్ని తగ్గించి 14 ఏళ్లు దేశం దాటించే ప్రవాస శిక్ష చేశారు.

ట్రయల్ ఆఫ్ ది పిక్స్ అంటే ఏంది, కోర్టు కేసా?

కోర్టు లాంటిదే, కాకపోతే బోనులో నిలబడేది నాణేలు. ప్రభుత్వ టంకశాలలో ముద్రించిన నాణేల నుంచి కొన్నిటిని పక్కకి తీసి పెట్టెలో దాచి, ఏటా ఒకసారి సంఘం సభ్యులతో ఏర్పడ్డ జ్యూరీ ముందు పెడతారు. ఒక న్యాయాధికారి వచ్చి వాళ్లతో ప్రమాణం చేయిస్తాడు. వాళ్లు లెక్కపెట్టి, తూచి, పరీక్షించి కొన్ని వారాల తర్వాత తీర్పు చెప్తారు. ఈ ఆచారం 13వ శతాబ్దం నాటిది, 1870ల నుంచి గోల్డ్‌స్మిత్స్ హాల్లో జరుగుతోంది.

భౌతికశాస్త్రంలో మనం చదువుకున్న న్యూటన్ టంకశాల అధిపతిగా ఉన్నప్పుడు 1710లో ఈ జ్యూరీ ఆయన బంగారు నాణేల్లో వన్నె తగ్గిందని తేల్చింది. ఆయన ఊరుకోలేదు. పోల్చడానికి 1707లో తయారు చేసిన నమూనా రేకే ఉండాల్సిన దానికన్నా మేలిమిగా ఉందని వాదించి నిరూపించాడు. ఎంత పెద్ద మనిషి అయినా తన సరుకుని కంసాలుల ముందు పెట్టి జవాబు చెప్పుకోవాల్సిందే, ఆ ఏర్పాటు నాకు చాలా నచ్చుతుంది.

ఆడవాళ్లకి ఈ సంఘంలో చోటుందా?

పని చేసినవాళ్లు ఉన్నారు, అందులో చాలామంది భర్త పోయాక కార్ఖానా నడిపినవాళ్లు. అందరికన్నా పేరున్నది హెస్టర్ బేట్‌మన్. భర్త చనిపోయాక 1761లో గోల్డ్‌స్మిత్స్ హాల్లో తన పేరు మీద గుర్తు రిజిస్టర్ చేయించుకుని, కొడుకులతో కలిసి వెండి పని నడిపింది. ఆమె గుర్తున్న టీ కుండలకీ చెంచాలకీ ఇవాళ వేలంపాటల్లో మంచి ధర పలుకుతుంది.

దేశం మొత్తం సరుకు లండన్ దాకా మోసుకెళ్లాలా?

వేరే కొన్ని ఊళ్లలోనూ పరీక్ష ఆఫీసులు ఉండేవి, కానీ బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ పనివాళ్లకి దగ్గర్లో ఏదీ లేదు. దూరం పంపిస్తే దారిలో దెబ్బలు తగిలేవి, దొంగల భయం, పైగా డిజైన్లు కాపీ అయ్యేవి. వాళ్లు పార్లమెంటుకి పోయి కొట్లాడితే లండన్ సంఘం గట్టిగా అడ్డుపడింది. చివరికి 1773లో రెండు ఊళ్లకీ సొంత ఆఫీసులు వచ్చాయి. ఈ విషయంలో లండన్ సంఘం పట్టిన పట్టు న్యాయం కాదనే నా అభిప్రాయం, ఎంత మంచి సంఘమైనా తన అధికారం పంచుకోవడానికి ఇష్టపడదు.

మన వైపు సంగతి

మన దగ్గర ఇట్లాంటి హాలు ఎందుకు లేదు?

సంఘాలు మనకీ ఉన్నాయి. తెలుగు శాసనాల్లో వర్తక సంఘాల్ని నకరం, పెక్కండ్రు అనీ, కంసాలి, కమ్మరి, కంచరి, వడ్రంగి, కాసె (రాతి) పనివాళ్లని కలిపి పంచాణంవారు అనీ రాశారు. వీళ్లకి విడిగా హాలు కాకుండా గుడి మండపమే సభాస్థలం. ఒప్పందం కుదిరినా, దానం ఇచ్చినా, సుంకం మాట తేలినా మండపం స్తంభం మీదనో పక్కన రాతి మీదనో చెక్కించేవాళ్లు. మనకి దగ్గర్లోనే మంచి ఉదాహరణ మోటుపల్లి, 2022లో బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ అంతకుముందు ప్రకాశమే. అక్కడి వీరభద్రస్వామి గుడి మండపంలో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. ఒడ్డున పగిలిన ఓడల సరుకుని పాత రాజులు లాక్కునేవాళ్లు, తాను అట్లా చేయననీ, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోననీ అందులో మాటిచ్చాడు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు, మిరియాలు, ఇట్లా సరుకుల పేర్లతో సహా రేట్లు చెక్కి ఉన్నాయి. వర్తకులకి రాజు ఇచ్చిన మాటని అందరూ వచ్చిపోయే చోట రాతి మీద పెట్టడం చిన్న విషయం కాదు.

మనకి లేకుండా పోయింది ఏదంటే, పనివాళ్లే తమవాళ్ల పనిని పరీక్షించి ముద్ర వేసే ఉమ్మడి చోటు. మన దగ్గర నమ్మకం మనిషి మీద ఉండేది: "ఫలానా ఆచారి చేతి పని" అంటే చాలు. ఆ ఆచారి మంచివాడైతే బంగారమే, కాకపోతే కొన్నవాడి ఖర్మ. నాణ్యమైన పనివాడికి కూడా దీనివల్ల నష్టమే, ఎందుకంటే ఒకడు చేసిన మోసానికి వీధి మొత్తానికి చెడ్డపేరు వస్తుంది.

మన హాల్‌మార్క్ ఎప్పటి నుంచి, ఎవరు వేస్తారు?

బంగారానికి 2000లో మొదలైంది, అప్పట్లో ఇష్టమైన షాపులే వేయించుకునేవి. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా జిల్లాల్లో తప్పనిసరి చేస్తూ వచ్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ, అంటే ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన ఆ నగకే సొంతమైన నంబర్, ఉన్న నగలే అమ్మాలి. నగ మీద మూడు చూడండి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కే916 లాంటి స్వచ్ఛత, హెచ్‌యూఐడీ. ఆ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నమోదు వివరాలు వస్తాయి. లండన్‌లో ముద్ర వేసేది వృత్తి సంఘం నడిపే ఆఫీసు, మన దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ గుర్తింపు ఇచ్చిన పరీక్ష కేంద్రాలు.

కేడీఎం అన్నా హాల్‌మార్క్ అన్నా ఒకటేనా?

కాదు. కేడీఎం అనేది అతుకు వేసే పద్ధతి, కాడ్మియం కలిపిన టంకంతో నగ ముక్కల్ని అతికిస్తారు. ఆ పొగ పీల్చిన పనివాళ్ల ఊపిరితిత్తులు, కిడ్నీలు పాడవుతాయి. స్వచ్ఛత గురించి కేడీఎం అనే మాట ఏ గ్యారంటీ ఇవ్వదు. షాపువాళ్లు ఇంకా "కేడీఎం సార్" అంటే హెచ్‌యూఐడీ చూపించమని అడగండి.

అమ్మమ్మ కాలం నగలకి ముద్ర లేదు, ఇప్పుడు అమ్ముకోలేమా?

అమ్ముకోవచ్చు. నిబంధన షాపు అమ్మే నగలకి, మన ఇంట్లో ఉన్న పాత నగల్ని షాపువాళ్లు కొనొచ్చు. రేటు మాట్లాడేముందు గుర్తింపు ఉన్న పరీక్ష కేంద్రానికి తీసుకెళ్లి రుసుము కట్టి స్వచ్ఛత కాగితం తీసుకుంటే, షాపులో "ఇది 18 క్యారెట్లే" అని తగ్గించి మాట్లాడే అవకాశం ఉండదు. సవర మీద వేలల్లో తేడా వచ్చే విషయం, బద్ధకించొద్దు.

చూడాలనుకునేవాళ్లకి, కొన్నవాళ్లకి

లండన్ పోతే హాల్లోకి రానిస్తారా?

మ్యూజియం లాగా రోజూ తెరిచి ఉండదు. ప్రదర్శనలు, 1983 నుంచి నడుస్తున్న గోల్డ్‌స్మిత్స్ ఫెయిర్, సందర్శన రోజులు, ఇట్లాంటి సందర్భాల్లో జనాన్ని రానిస్తారు, బయల్దేరేముందు వాళ్ల వెబ్‌సైట్‌లో తేదీలు చూసుకోండి. సెయింట్ పాల్స్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడక దూరం. లోపలికి పోలేకపోయినా ఫాస్టర్ లేన్ వైపు నిలబడి ఆ రాతి స్తంభాలు చూసి రండి.

మా అమ్మాయి లండన్‌లో చెయిన్ కొంది, దాని మీద 375 అని ఉంది, మోసపోయిందా?

మోసం కాదు. 375 అంటే వెయ్యి పాళ్లలో 375 పాళ్లు బంగారం, అంటే 9 క్యారెట్లు. అక్కడ అది చట్టబద్ధమైన ప్రమాణం, మామూలు నగలు చాలావరకు అవే. 585, 750, 916 కూడా ఉంటాయి. పక్కన చిరుతపులి తల ఉంటే లండన్ ఆఫీసు పరీక్షించిందని, లంగరు గుర్తు ఉంటే బర్మింగ్‌హామ్ అని. ఒక సంవత్సరం అక్షరం కూడా ఉండొచ్చు, 1999 నుంచి అది తప్పనిసరి కాదు, కాబట్టి లేకపోయినా కంగారు పడొద్దు. గ్రాము కన్నా తక్కువ బరువుండే బంగారు వస్తువుకి ముద్ర లేకపోయినా అక్కడ అమ్మొచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి: ఆ చెయిన్‌ని నెల్లూరులో మార్చుకుందామంటే 916 రేటు రాదు, అందులో ఉన్న బంగారం పాలుకే లెక్క కడతారు. పెట్టుకోవడానికి కొనుక్కుంటే ఇబ్బంది లేదు, రేపు అవసరానికి పనికొస్తుందని దాచుకోవడానికైతే కొనేముందే ఆ అంకె చూసుకోమని అమ్మాయికి చెప్పండి.